ఫలక్‌నుమా: నవాబు మేడ నుంచి హోటల్ దాకా

హైదరాబాద్ పాతబస్తీకి దక్షిణాన, చార్మినార్ నుంచి సుమారు 5 కిలోమీటర్ల దూరంలో ఒక కొండ మీద ఫలక్‌నుమా ప్యాలెస్ ఉంది. చుట్టూ 32 ఎకరాల ఆవరణ. ఇవాళ అది తాజ్ సంస్థ నడిపే హోటల్. అంతకుముందు నిజాం ప్రభువుల విడిది. ఇంకా ముందు ఒక నవాబు సొంత మేడ. కృష్ణా, గుంటూరు జిల్లాల వాళ్లకి ఈ పేరు ముందు రైలు పేరుగానే తెలుసు. హౌరాలో బయల్దేరిన ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ విజయవాడ, గుంటూరు, నల్గొండల మీదుగా సికింద్రాబాద్ చేరి అక్కడే నిలిచిపోతుంది. తన పేరున్న కొండ దాకా వెళ్లదు.

ఈ మేడ చరిత్రలో ఒక చిత్రం ఉంది. కట్టించినవాడు అందులో పట్టుమని పదేళ్లు కాపురం చెయ్యలేదు. అతని దగ్గర తీసుకున్న నిజాం దాన్ని ముఖ్యంగా విడిదిగానే వాడుకున్నాడు. ఆ నిజాం కొడుకు అసలు అక్కడ కాపురమే పెట్టలేదు. ఇంటివాళ్లు అనేవాళ్లు నిలకడగా లేని ఇల్లు అది. ఎవరో ఒక పెద్ద అతిథి వచ్చినప్పుడు దీపాలు వెలిగేవి, వెళ్లిపోయాక తలుపులు మూసేవారు. చివరికి అది హోటల్ అయిందంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. పుట్టినప్పటినుంచీ అది చేస్తున్న పని అదే.

కట్టించినవాడు నవాబ్ వికారుల్ ఉమ్రా. పాయిగా కుటుంబీకుడు. హైదరాబాద్ సంస్థానంలో నిజాం తరువాత నిజాం అంతటివాళ్లు పాయిగాలు. ప్రభువు రక్షణకి సొంత దళాలను పోషించడం వాళ్ల బాధ్యత. అందుకు ప్రతిగా పెద్ద పెద్ద జాగీర్లు వాళ్ల చేతిలో ఉండేవి. నిజాం ఆడపిల్లలను పాయిగాల ఇళ్లకి కోడళ్లుగా పంపడం కూడా ఆనవాయితీ. వికారుల్ ఉమ్రా ఐదో నిజాం అఫ్జలుద్దౌలాకి అల్లుడు, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కి బావ. ఆయన పేరు మీదే వికారాబాద్ వెలిసింది.

ఫలక్‌నుమాకి 1884 మార్చి 3న శంకుస్థాపన జరిగింది. ఆ తేదీకి ముందు ఏడాది పాటు జరిగింది చూస్తే విషయం బోధపడుతుంది. 1883 ఫిబ్రవరిలో మొదటి సాలార్‌జంగ్ చనిపోయాడు. ముప్ఫై ఏళ్ల పాటు దివానుగా సంస్థానాన్ని ఒంటిచేత్తో నడిపిన మనిషి ఆయన. ఆ కుర్చీ ఖాళీ అయింది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో వైస్రాయ్ రిప్పన్ స్వయంగా హైదరాబాద్ వచ్చి, పద్దెనిమిదో ఏట ఉన్న మహబూబ్ అలీ ఖాన్‌కి పూర్తి అధికారాలు అప్పగించాడు. దివాను పదవి సాలార్‌జంగ్ కొడుక్కి దక్కింది కానీ అది ఎక్కువ కాలం నిలవలేదు. 1887లో పాయిగాల్లోనే మరొకరు, ఆస్మాన్ జా, దివాను అయ్యాడు. ఆయన తరువాత 1890ల్లో వికారుల్ ఉమ్రా ఆ కుర్చీ ఎక్కి 1901 దాకా ఉన్నాడు. అంటే ఫలక్‌నుమా గోడలు లేచిన కాలం సరిగ్గా పదవి కోసం పెద్దలు ఎదురుచూస్తున్న కాలం.

ఆ పోటీ కట్టడాల్లోకి కూడా దిగింది. ఆస్మాన్ జా బషీర్‌బాగ్‌లో ఒక ప్యాలెస్, మలక్‌పేట వైపు కొండ మీద ఆస్మాన్‌గఢ్ కట్టించాడు. మరో పాయిగా ఖుర్షీద్ జా దేవిడీ పాతబస్తీలో పెద్ద స్తంభాలతో ఇప్పటికీ నిలబడి ఉంది. దాయాదులు ఒకరిని మించి ఒకరు కడుతుంటే వికారుల్ ఉమ్రా కొండనే ఎంచుకున్నాడు. ఊరు మొత్తం తన కాళ్ల కింద కనిపించాలి, ఊరు మొత్తానికీ తన మేడ కనిపించాలి. ఆ రెండూ నెరవేరాయి.

భవనం నమూనా విలియం వార్డ్ మారెట్ అనే ఇంగ్లీషు వాస్తుశిల్పి చేతిదని చెబుతారు. ముందు భాగం ఇటలీ తరహా. వరుసగా స్తంభాలు, రెండు వైపులా ఒంపు తిరిగిన మెట్లు, పాలరాతి నేలలు. రంగు అద్దాల కిటికీల్లో, కొన్ని గదుల చెక్కపనిలో ఇంగ్లండు ట్యూడర్ కాలపు పోకడలు కనిపిస్తాయి. పైనుంచి చూస్తే మొత్తం కట్టడం తేలు ఆకారంలో ఉంటుందంటారు. ఉత్తరం వైపు రెండు కొండ్లు చాచినట్టు రెక్కలు, మధ్యలో ప్రధాన భవనం, దక్షిణాన గోల్ బంగ్లా, జనానా మహల్, వంటశాలలు. తేలు సంగతి నేల మీద నడిచేవాడికి తెలియదు. అతనికి తెలిసేది ఒక్కటే: బయటి మగవాళ్లు వచ్చేపోయే భాగం ఊరి వైపు తిరిగి యూరపు వేషంలో ఉంది, ఆడవాళ్లు మసలే భాగం వెనక్కి, పెరటి చుట్టూ, దక్కను అలవాటులో ఉంది. ఆనాటి పెద్ద నవాబుల బతుకు కూడా అలాగే రెండు ముఖాలతో నడిచేది.

కట్టడానికి, సామాను అమర్చడానికి తొమ్మిదేళ్లు పట్టింది. పాలరాయి ఇటలీ నుంచి వచ్చింది. గాజు దీపాల గుత్తులు బర్మింగ్‌హామ్‌లోని ఆస్లర్ కంపెనీవి, వెనిస్‌వి. బిలియర్డ్స్ బల్ల లండన్‌లోని బరోస్ అండ్ వాట్స్ వాళ్లది. ఇంత బరువు సామాను సముద్రం దాటి దక్కను మధ్యకి చేరాలంటే రైలు ఉండి తీరాలి. అది 1874లోనే వచ్చింది. బొంబాయి–మద్రాసు లైను మీద ఉన్న వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కి నిజాం రైల్వే వేసిన మార్గం అది. ఫలక్‌నుమా సగం కట్టి ఉండగా అదే మార్గం తూర్పుకి సాగి, వరంగల్, డోర్నకల్ దాటి 1889లో బెజవాడ చేరింది. కృష్ణా డెల్టా అప్పటికి వందేళ్లకు పైగా ఇంగ్లీషువాళ్ల పాలనలో ఉంది. సర్కారు జిల్లాలు 1760ల్లో, గుంటూరు 1788లో నిజాం చెయ్యి దాటిపోయాయి. పాత ప్రభువు రాజధానికీ పాత సర్కారు సీమకీ మళ్లీ రాకపోకలు కుదిర్చింది ఆ రైలే.

లోపలి సంగతులు చెప్పుకోవాలంటే భోజనశాలతో మొదలుపెట్టాలి. ఆ మేడ మనసు అక్కడే తెలుస్తుంది. ఒకే ఒక్క బల్ల, 108 అడుగుల పొడవు. దాని చుట్టూ 101 మంది కూర్చోవచ్చు. కుర్చీలు చెక్కడపు పనితో నల్లటి రోజ్‌వుడ్, వాటికి ఆకుపచ్చ తోలు తొడుగు. వడ్డనకి బంగారు, వెండి పాత్రలు ఉండేవి. బల్లకి ఈ కొసన కూర్చున్న ప్రభువు గొంతు తగ్గించి మాట్లాడినా ఆ కొసన ఉన్న అతిథికి వినిపించేలా గది కట్టారని అక్కడ చూపించేవాళ్లు చెబుతారు. ఏ కుటుంబమైనా 101 కుర్చీలు రోజూ వాడుకోవడానికి చేయించుకోదు. పెళ్లి పందిట్లో బంతి వేసినట్టు నిత్యం విందులు జరుగుతాయన్న లెక్కతో చేయించిన బల్ల అది.

మిగతా గదులూ ఆ తీరులోనే ఉంటాయి. కింద ప్రవేశ మండపంలో పాలరాతి నీటిబుగ్గ, పైకప్పు మీద రంగుల చిత్రాలు. అక్కడినుంచి పైకి వెళ్లే పాలరాతి మెట్లకి రెండు వైపులా చెక్కిన బొమ్మలు దీపాలు పట్టుకుని నిలబడి ఉంటాయి. గోడల మీద గవర్నర్ జనరళ్ల, వైస్రాయ్‌ల పటాలు వరుసగా వేలాడుతుంటాయి. మెట్లెక్కే ఇంగ్లీషు అతిథికి తన పూర్వీకులే ఎదురొచ్చి పలకరించినట్టు ఉండాలని ఏర్పాటు. గ్రంథాలయం పైకప్పు వాల్‌నట్ చెక్కతో, ఇంగ్లండులో విండ్సర్ కోటలోని గ్రంథాలయాన్ని అనుసరించి చేశారు. అందులో సుమారు 5,900 పుస్తకాలు చేరాయి. నృత్యశాలలో రెండు టన్నుల బరువున్న, చేత్తో తిప్పి వాయించే ఆర్గాన్ ఉంది. బిలియర్డ్స్ బల్లకి జంట బకింగ్‌హామ్ ప్యాలెస్‌లో ఉందంటారు. విద్యుత్ దీపాలకి ఏర్పాటు చేసిన స్విచ్ బోర్డు అప్పటికి దేశంలో ఉన్న పెద్ద బోర్డుల్లో ఒకటి.

ఇంత వైభవానికి అయిన ఖర్చు 40 లక్షల రూపాయల దాకా ఉంటుందని చెబుతారు. ఆనాటి 40 లక్షలు. పాయిగా జాగీర్ల ఆదాయం ఎంత పెద్దదైనా ఆ బరువు మోయలేకపోయింది. వికారుల్ ఉమ్రా బ్యాంకు దగ్గర అప్పుకి దిగాడు. మేడ పూర్తయ్యే నాటికి ఆయన దివానూ అయ్యాడు, అప్పులపాలూ అయ్యాడు.

ఆ తరువాత జరిగిన కథ హైదరాబాద్‌లో రెండు మూడు రకాలుగా చెప్పుకుంటారు. అన్నిటిలోనూ కలిసే సంగతి ఇది. 1897 ప్రాంతంలో నిజాం మహబూబ్ అలీ ఖాన్ బావగారి కొత్త మేడకి అతిథిగా వచ్చాడు. వచ్చినవాడు రోజులు గడిచినా కదల్లేదు. ఇల్లు ఆయనకి అంతగా నచ్చింది. దర్బారు మర్యాద ప్రకారం ప్రభువుకి నచ్చిన వస్తువుని నజరానాగా సమర్పించాలి. వికారుల్ ఉమ్రా మేడని సమర్పించాడు. నిజాం కూడా ఊరికే తీసుకోలేదు, ఖర్చుకి పరిహారం కొంత ముట్టజెప్పాడు. భార్య ఇచ్చిన సలహా మీదే వికారుల్ ఉమ్రా ఈ పని చేశాడని ఒక మాట ఉంది. ఆమె నిజాంకి అక్క. మర్యాదా దక్కింది, అప్పూ తీరే దారి దొరికింది. నిలువునా మునిగే మనిషికి అంతకంటే గౌరవమైన దారి ఉండదు.

వికారుల్ ఉమ్రా మాత్రం కట్టడాల మోజు వదల్లేదు. బేగంపేటలో మరో మేడ కట్టించుకున్నాడు. పాయిగా ప్యాలెస్ అనే ఆ భవనంలో 2008 నుంచి 2023 దాకా అమెరికా కాన్సులేట్ నడిచింది. అక్కడికి దగ్గరలోనే, స్పెయిన్ తరహాలో ఒక మసీదుకి కూడా పని మొదలుపెట్టాడు. 1902లో ఆయన చనిపోయాడు. మసీదుని 1906లో కుటుంబం పూర్తి చేసింది.

నిజాం చేతికి వచ్చాక ఫలక్‌నుమా అసలు పని మొదలైంది. మహబూబ్ అలీ ఖాన్‌కి ఇళ్ల కరువు లేదు. పురానీ హవేలీలో ఆయన దుస్తుల బీరువాలు ఒక పొడవాటి శాల అంతా ఆక్రమించి ఉంటాయి. చౌమహల్లాలో దర్బారు. ఫలక్‌నుమాకి మాత్రం దొరలు వచ్చేవారు. వైస్రాయ్‌లు, సేనానులు, యూరపు రాజకుమారులు హైదరాబాద్ వచ్చినప్పుడు అక్కడే దిగేవారు. 1906లో వేల్స్ యువరాజు జార్జ్, ఆయన భార్య మేరీ వచ్చారు. తరువాత వాళ్లే ఐదో జార్జ్ చక్రవర్తి, మేరీ రాణి. 1922లో వాళ్ల కొడుకు ఎడ్వర్డ్ వచ్చాడు.

సంస్థానానికి ఇలాంటి విడిది ఎందుకు అవసరమైందో కూడా చూడాలి. హైదరాబాద్‌లో ఇంగ్లీషు ప్రభుత్వ ప్రతినిధి రెసిడెంట్‌కి కోఠిలో సొంత భవనం ఉంది. స్తంభాలు, మెట్లు, సింహాలతో అదీ ఒక ప్యాలెస్సే. వచ్చిన పెద్దదొర అక్కడే దిగితే అతను రెసిడెంట్‌కి అతిథి అవుతాడు. నిజాం ఇచ్చిన మేడలో దిగితే నిజాంకి అతిథి అవుతాడు. బిరుదులు, తోపుల సలాములు, కూర్చునే వరసలు అన్నీ లెక్కపెట్టి చూసుకునే రోజుల్లో ఈ తేడా చిన్నది కాదు. వైస్రాయ్ తన కొండ మీద, తన బల్ల దగ్గర భోంచేస్తున్నంతసేపూ నిజాం ఆతిథ్యం ఇచ్చేవాడే, కప్పం కట్టేవాడిలా కనిపించడు.

1911 ఆగస్టు 29న మహబూబ్ అలీ ఖాన్ ఫలక్‌నుమాలోనే కన్నుమూశాడు. వయసు 45. ఆ మరణంతో మేడకి ఒక యజమాని శాశ్వతంగా పోయాడు. కొత్త నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ తండ్రికి పూర్తిగా వేరే మనిషి. కింగ్ కోఠిలో ఉండేవాడు, పాత షేర్వానీ వేసుకునేవాడు, ఖర్చు దగ్గర గట్టివాడు. తండ్రి చౌమహల్లాలో వదిలిపోయిన చెప్పు కొనలో 184.75 క్యారెట్ల వజ్రం దొరికితే దాన్ని కాగితాల మీద బరువుగా వాడుకున్నాడని పేరు. జేకబ్ అనే వ్యాపారి 1891లో ఆరో నిజాంకి అమ్మజూపి, బేరం కలకత్తా కోర్టు దాకా పోయిన వజ్రం అది. కృష్ణ ఒడ్డున కొల్లూరు, పరిటాల గనులు ఒకప్పుడు ప్రపంచానికి వజ్రాలు పంపాయి. ఆ గోల్కొండ సీమ ప్రభువు చివరికి దక్షిణాఫ్రికా వజ్రం కోసం కోర్టుకెక్కడం కాలం చేసిన వేళాకోళం. ఇక ఉస్మాన్ అలీ ఖాన్ ఫలక్‌నుమాని అమ్మలేదు, పాడుపెట్టలేదు, కాపురమూ చెయ్యలేదు. ప్రభుత్వ అతిథుల కోసం ఉంచాడు. దొర వస్తున్నాడంటే దులిపి, తుడిచి, దీపాలు వెలిగించేవారు.

1948 సెప్టెంబరులో పోలీసు చర్యతో హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో కలిసింది. నిజాం కొన్నాళ్లు రాజప్రముఖ్‌గా ఉన్నాడు. 1951లో రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ హైదరాబాద్ వచ్చినప్పుడు ఫలక్‌నుమాలో దిగారు. పాత పద్ధతిలో అక్కడ ఆతిథ్యం పొందిన చివరి పెద్ద అతిథి ఆయనే. ఆ తరువాత తలుపులు మూసుకున్నాయి. యాభై ఏళ్ల దాకా మళ్లీ సరిగా తెరుచుకోలేదు.

1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. విజయవాడ, బందరు, తెనాలి వాళ్లకి హైదరాబాద్ రాజధాని అయింది. సచివాలయం పని మీదా, కోర్టు పని మీదా, సినిమాల పని మీదా జనం అక్కడికి వెళ్లడం మొదలైంది. డబ్బున్నవాళ్లు దిగే పెద్ద హోటళ్లలో అప్పట్లో రిట్జ్ ఒకటి. అదీ ఒక ప్యాలెస్సే. నౌబత్ పహాడ్ దగ్గర నిజామత్ జంగ్ అనే న్యాయమూర్తి తాను చదివిన కేంబ్రిడ్జ్ ట్రినిటీ కాలేజీని గుర్తుచేసేలా కట్టించుకున్న హిల్‌ఫోర్ట్ మేడ. తరువాత అది ఏడో నిజాం రెండో కొడుకు మొజ్జం జాకి నివాసమైంది. 1950ల నుంచి కొన్ని దశాబ్దాలు హోటల్‌గా నడిచి, 1990ల తరువాత ఖాళీ అయి శిథిలావస్థకి చేరింది. ప్యాలెస్‌ని హోటల్ చేసినంత మాత్రాన అది బతుకుతుందన్న భరోసా లేదు. రిట్జే సాక్ష్యం.

ఇతర మేడల గతి కూడా తలోరకంగా మారింది. రెసిడెన్సీ భవనం కోఠి మహిళా కళాశాల అయింది. బెల్లా విస్టా అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ అయింది. కింగ్ కోఠిలో ఒక భాగం ఆసుపత్రి అయింది. బషీర్‌బాగ్ ప్యాలెస్‌ని పడగొట్టేశారు, పేట పేరు ఒక్కటే మిగిలింది. ప్రభుత్వం తీసుకున్నవాటికి ఏదో ఒక వాడకం దొరికింది. ఫలక్‌నుమా నిజాం కుటుంబం చేతిలోనే ఉండిపోయింది, అందుకే మూతపడి ఉండిపోయింది.

1967 ఫిబ్రవరిలో ఉస్మాన్ అలీ ఖాన్ చనిపోయాడు. కొడుకులను పక్కనపెట్టి మనవడు ముకరం జాకి వారసత్వం ఇచ్చాడు. ముకరం జా తల్లి దుర్రు షెహ్వార్ టర్కీ ఆఖరి ఖలీఫా కూతురు. వారసత్వంతో పాటు ఆయనకి వచ్చినవి వేలమంది నౌకర్లు, ఆశ్రితులు, లెక్కలేనన్ని వాటాల తగాదాలు, కోర్టు కేసులు. 1971లో కేంద్రం రాజభరణాలు రద్దు చేసింది. తరువాత భూపరిమితి చట్టాలు వచ్చాయి. రాబడి తెగిపోయాక వంద గదుల ఇల్లు ఆస్తి కాదు, బరువు. కృష్ణా జిల్లాలో నూజివీడు, చల్లపల్లి జమీందార్లకి ఆ అనుభవం ఇంకా ముందే, 1948 ఎస్టేట్ల రద్దు చట్టంతోనే ఎదురైంది. ముకరం జా 1970ల్లో పశ్చిమ ఆస్ట్రేలియా వెళ్లి గొర్రెల ఫారం కొనుక్కున్నాడు. బుల్డోజరు నడుపుతూ, రహదార్లకి దూరంగా బతకడమే ఆయనకి ఇష్టమైంది. ఫలక్‌నుమాలో తెరలు చీకిపోయాయి, తోలు ఎండి పగిలింది, దీపాల గుత్తుల మీద దుమ్ము పేరుకుంది.

ఇదే కాలంలో రాజస్థాన్‌లో వేరే దారి కనిపించింది. జైపూర్ మహారాజు 1957లోనే రాంబాగ్ ప్యాలెస్‌ని హోటల్ చేశాడు. ఉదయపూర్‌లో సరస్సు మధ్య ఉన్న మేడ 1960ల్లో హోటల్ అయింది. 1970ల మొదట్లో ఈ రెండిటి నిర్వహణా తాజ్ చేతికి వచ్చింది. జంషెట్జీ టాటా 1903లో బొంబాయిలో తాజ్ మహల్ హోటల్ తెరిచినప్పుడు ప్యాలెస్ లాంటి హోటల్ కట్టాడు. డెబ్భై ఏళ్ల తరువాత అదే సంస్థ అసలు ప్యాలెస్‌లనే హోటళ్లుగా నడిపే పని నేర్చుకుంది. పద్ధతి సులువే. ఆస్తి రాజకుటుంబం పేరుతోనే ఉంటుంది. హోటల్ సంస్థ దీర్ఘకాలపు కౌలుకి తీసుకుని బాగుచేసి నడుపుతుంది. కౌలు డబ్బు కుటుంబానికి వస్తుంది, కప్పు కారకుండా చూసే బాధ్యత కౌలుదారుది.

హైదరాబాద్‌లో ఆ దారి వేయించినది ముకరం జా మొదటి భార్య ఎస్రా. టర్కీ దేశస్థురాలు. 1959లో వాళ్ల పెళ్లి జరిగింది, తరువాత విడిపోయారు. 1990ల్లో మాజీ భర్త వ్యవహారాలు చిక్కుపడిపోయిన దశలో ఆమె హైదరాబాద్ తిరిగివచ్చి లెక్కలు తేల్చే పని నెత్తినెత్తుకుంది. 1995లో నిజాం నగలు 173 వస్తువులను భారత ప్రభుత్వం 218 కోట్లకి కొన్నది, జేకబ్ వజ్రం కూడా అందులోదే. రెండు ప్యాలెస్‌లకి ఎస్రా రెండు వేరు వేరు దారులు ఎంచుకుంది. చౌమహల్లాని బాగుచేయించి మ్యూజియంగా జనానికి తెరిచింది, దానికి 2010లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారం వచ్చింది. ఫలక్‌నుమాని తాజ్‌కి కౌలుకిచ్చింది. ఈ నిర్ణయం సబబైనదే. చౌమహల్లా దర్బారు చేసిన చోటు, దాన్ని నలుగురూ నడిచి చూడాలి. ఫలక్‌నుమా విడిది, దాన్లో ఎవరో ఒకరు దిగాలి.

బాగుచేత 2000 ప్రాంతంలో మొదలై పదేళ్లు సాగింది. ప్యాలెస్ కట్టడానికి పట్టినదానికంటే ఎక్కువ కాలం. కొత్త హోటల్ కట్టేవాడు గోడలో పైపు పెట్టి పైన సిమెంటు పూస్తాడు. ఇక్కడ గోడ మీద వందేళ్ల నాటి బొమ్మ ఉంటుంది, కప్పు మీద బంగారు పూత ఉంటుంది, దాన్ని ముట్టుకోకుండా ఏసీ గొట్టం, కరెంటు తీగ, మంటలార్పే నీటి పైపు ఎక్కడినుంచో తీసుకుపోవాలి. దీపాల గుత్తులను దించి, ఒక్కో గాజుముక్క విప్పి కడిగి మళ్లీ కూర్చాలి. ప్రతి పడకగదికీ స్నానాలగది కావాలి. నవాబుల కాలంలో ఆ లెక్క లేదు. ఇవన్నీ దగ్గరుండి చూసుకోవడంలో ఎస్రాది ముఖ్యపాత్ర. పరదాల బట్ట దగ్గర్నుంచి పాత పటాలు ఎక్కడ తగిలించాలో చూసుకునేదాకా ఆమె కల్పించుకున్నదని ప్రతీతి. ప్రధాన భవనంలోని శాలలను ఉన్నవి ఉన్నట్టుగా ఉంచి, వెనక జనానా వైపు భాగాలను అతిథుల గదులుగా మార్చారు. మొత్తం గదులు 60. ఇంత పెద్ద ఆవరణకి ఇది చాలా తక్కువ సంఖ్య. అందుకే ఇలాంటి హోటళ్లు గదుల అద్దె మీద ఒక్కదాని మీదే బతకవు, పెళ్లిళ్లు, విందులు, సమావేశాలు కావాలి.

2010 నవంబరులో తాజ్ ఫలక్‌నుమా ప్యాలెస్ పేరుతో హోటల్ తెరిచారు. అప్పటికి హైదరాబాద్ ఇంకా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రాజధాని. కొండ కింద గేటు దగ్గర అతిథి తన కారు దిగితే గుర్రపు బగ్గీ వచ్చి పైకి తీసుకెళ్తుంది. ముందరి మెట్లు ఎక్కుతుంటే పైనుంచి గులాబీ రేకులు చల్లుతారు. సాయంత్రం ఒక మనిషి వెంట ఉండి గది గదీ తిప్పి కథలు చెబుతాడు. ఇదంతా కొంత నాటకమే. అయితే వైస్రాయ్‌కి ఆ మెట్ల మీద జరిగినదీ నాటకమే కదా, అప్పుడు టిక్కెట్టు నిజాం కొన్నాడు, ఇప్పుడు అతిథే కొంటున్నాడు. దమ్ బిర్యానీ, హలీం లాంటి హైదరాబాదీ వంటకాలు వడ్డించే ఆదా అనే భోజనశాల అక్కడ ఉంది. ఇటలీ భోజనానికి సెలెస్ట్ ఉంది. గోల్ బంగ్లా మండపం నుంచి రాత్రిపూట పాతబస్తీ దీపాలన్నీ కనిపిస్తాయి.

కొండ పైన ఎంత ఖరీదో, కొండ కింద అంత ఇరుకు. ఇంజన్ బౌలి, జహానుమా, చాంద్రాయణగుట్ట వీధుల్లో చిన్న ఇళ్లు, మెకానిక్ షాపులు, ఇరానీ చాయ్ హోటళ్లు. ఎంఎంటీఎస్ రైళ్లు ఆగే ఫలక్‌నుమా స్టేషన్‌లో దిగే కూలీ, చిరుద్యోగి రోజూ ఆ తెల్లటి మేడని చూస్తూనే పోతాడు. అక్కడ ఒక రాత్రి గది అద్దె అతని నెల జీతం కంటే ఎక్కువ.

101 కుర్చీల బల్ల మళ్లీ పనిలో పడింది. 2014 నవంబరులో సినీనటుడు సల్మాన్ ఖాన్ చెల్లెలి పెళ్లి ఈ ప్యాలెస్‌లో జరిగింది. ఆ ఏడాదే జూన్ 2న రాష్ట్రం విడిపోయింది, హైదరాబాద్ పదేళ్ల పాటు రెండు రాష్ట్రాలకీ ఉమ్మడి రాజధానిగా నిలిచింది. 2017 నవంబరు 28న ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సుకి వచ్చిన అమెరికా అధ్యక్షుడి కూతురు ఇవాంకా ట్రంప్‌కి ప్రధాని నరేంద్ర మోదీ విందు ఇచ్చింది ఆ భోజనశాల్లోనే. ప్రభుత్వం తన పెద్ద అతిథి కోసం ఫలక్‌నుమాని ఎంచుకోవడం కొత్త ఆలోచన కాదు, 1906 నాటి అలవాటు.

ముకరం జా 2023 జనవరి 14న ఇస్తాంబుల్‌లో చనిపోయాడు. ఆయన కోరిక ప్రకారం భౌతికకాయాన్ని హైదరాబాద్ తెచ్చి, చౌమహల్లాలో జనం చూడడానికి ఉంచి, మక్కా మసీదు ఆవరణలో పూర్వీకుల పక్కన ఖననం చేశారు. హోటల్ మాత్రం తాజ్ నిర్వహణలో యథాప్రకారం నడుస్తోంది. గదిలో దిగే స్తోమతు లేనివాళ్లకి కూడా తలుపు పూర్తిగా మూసిలేదు. ముందుగా చెప్పి పెట్టుకుంటే మధ్యాహ్నం తేనీటికో, భోజనానికో లోపలికి వెళ్లి శాలలు చూసి రావచ్చు. చార్మినార్, చౌమహల్లాలతో కలిపి ఫలక్‌నుమాని చూపించే యాత్రలను తెలంగాణ పర్యాటక సంస్థ కూడా నడిపింది.